జాబితా ఎవరి చేతిలో ఉన్నది?

కోనసీమలోని ఒక గ్రామ గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన సభలో, రాజనీతిశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకులు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాశాము. తడబాట్లను మాత్రమే తొలగించాము.

అధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. ముందు వరుసల్లో కూర్చున్న అమ్మలకు ప్రత్యేకంగా నమస్కారం చేస్తున్నాను. ఎందుకంటే ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం మీకు నాకంటే ఎక్కువగా తెలుసు. పింఛను ఎవరు తెస్తారో, వేలిముద్ర పడకపోతే ఏమి చేయాలో, జాబితాలో పేరు లేకపోతే ఎవరి ఇంటికి వెళ్లాలో మీకు తెలుసు. ఎవరి ఇంటికి వెళ్లాలో అన్నాను, ఏ కార్యాలయానికి వెళ్లాలో అనలేదు. ఆ మాటను దయచేసి గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను. సంక్షేమ పథకాల ద్వారా ప్రభుత్వాలు, వాటిని నడిపే పార్టీలు, జనాన్ని తమ వెనుక ఎలా సమీకరించుకుంటాయి అన్నది ఈనాటి విషయం.

నా చిన్ననాటి ఇంటితో మొదలుపెడతాను. మా అమ్మ కూలికి వెళ్లేది. ఊడ్పులకు, కలుపులకు, కోతలకు వెళ్లేది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఆమె ఆ బియ్యాన్ని ఏమని పిలిచేదో తెలుసా? రామారావు బియ్యం అనేది. సంచి మీద ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావు గారి పేరు లేదు. సబ్సిడీ భారం మోసింది ఖజానా. ఆ ఖజానాలో మా అమ్మ కొన్న కిరసనాయిలు మీద పన్ను కూడా ఉన్నది. అయినా ఆమె నోట అది రామారావు బియ్యమే. ఇందులో ఒక చిత్రమైన సంగతి ఉన్నది. తెలుగుదేశం అధికారంలోకి రావడానికి ముందే, 1982 చివరలో, కోట్ల విజయభాస్కరరెడ్డి గారి కాంగ్రెస్ ప్రభుత్వం కిలో రూపాయి తొంభై పైసలకే బియ్యం ఇచ్చింది. అది పది పైసలు తక్కువ ధర, పైగా ముందుగా వచ్చినది. మరి మీలో ఎవరైనా విజయభాస్కరరెడ్డి బియ్యం అన్న మాట విన్నారా? వినలేదు. నేనూ వినలేదు.

ఎందుకు వినలేదు? జనాన్ని కదిలించేది కేవలం డబ్బు మొత్తమే అయితే, పది పైసలు తక్కువ ధర గెలవాలి కదా? గెలవలేదు. ఓటమి కనబడుతున్న ప్రభుత్వం ధర తగ్గిస్తే దానిని జనం ధర తగ్గింపుగానే చూశారు. చైతన్యరథం మీద ఊరూరా తిరిగిన మనిషి వీధి మొగలో నిలబడి ఇచ్చిన మాటను మాత్రం మాటగా తీసుకున్నారు. మాట ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ నడుమ ఒక బంధం ఏర్పడింది. పథకానికి రాజకీయ శక్తి వచ్చేది మొదట అక్కడ, ఆ మాట ఇచ్చే చోట. రెండవది, అది ఏ చేతి మీదుగా ఇంటికి చేరుతుందో ఆ దారిలో. ఈ రెండవదాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. నేను ఎక్కువ మాట్లాడదలచినది దాని గురించే.

బియ్యం వచ్చిన మరుసటి సంవత్సరం, 1984 జనవరిలో, ఊరి పన్నులు, భూమి లెక్కలు చూసే మునసబు కరణాల వ్యవస్థ రద్దయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. చరిత్ర పాఠాల్లో వీటిని పరిపాలనా సంస్కరణల కింద చదువుకుంటాం, బియ్యాన్ని సంక్షేమం కింద చదువుకుంటాం. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అంతవరకు ఊళ్లో ఎవరికి ఎంత భూమి ఉన్నదో, ఎవరు పేదవాడో, ఎవరు కాదో కాగితం మీద రాసే చెయ్యి తరతరాలుగా ఒకే ఇంట్లో ఉండేది. ఆ చెయ్యి పెద్ద కమతాల ఇళ్ల వైపు ఉండేదని డెల్టాలో పుట్టిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ చేతిని తీసివేయడం చాలా మంచి పని. మా పేటలో ఆ రోజు పండుగలా గడిచిందని నాకు జ్ఞాపకం. అయితే ఖాళీ అయిన ఆ చోటు ఖాళీగా ఉండలేదు. కోటా దుకాణం ఎవరికి ఇవ్వాలి, ఇళ్ల స్థలం ఎవరికి రావాలి, అప్పు ఎవరికి మంజూరు కావాలి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పే పని క్రమంగా పార్టీ మనిషికి వచ్చింది. ప్రభుత్వం మారితే డీలరు మారడం మనం ఎన్నిసార్లు చూడలేదు?

అక్కడి నుంచి ఆ చేయి రూపాలు మార్చుకుంటూ వచ్చింది. 1997లో జన్మభూమి మొదలైంది, అధికారులు ఊరికి వచ్చి సభ పెట్టి అర్జీలు తీసుకున్నారు. అదే కాలంలో డ్వాక్రా సంఘాలు బలపడ్డాయి. మొట్టమొదటిసారి ప్రభుత్వానికి ఊళ్లోని ఆడవారి వద్దకు నేరుగా ఒక దారి ఏర్పడింది. ఆ దారిలో పొదుపు వెళ్లింది, బ్యాంకు అప్పు వెళ్లింది, దీపం గ్యాసు వెళ్లింది. బహిరంగ సభకు రావాలన్న కబురు కూడా అదే దారిలో వెళ్లింది. తర్వాత 2004లో రాజశేఖరరెడ్డి గారు ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం చేశారు, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఆరోగ్యశ్రీని కొంచెం వేరుగా చూడాలని నా అభిప్రాయం. అక్కడ జబ్బు చేసినవాడు తెల్లకార్డు పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లగలిగాడు, మధ్యలో ఊరి నాయకుడి గుమ్మం తక్కువగా తగిలింది. అయినా రాజశేఖరరెడ్డి గారి పేరు ప్రతి ఇంట్లో నిలిచింది. పార్టీ మనిషి నడుమ ఉంటేనే పథకానికి పేరు వస్తుందనుకునే నాయకులు ఈ సంగతి గమనించాలి.

2014 తర్వాత తెలుగుదేశం ప్రభుత్వంలో జన్మభూమి కమిటీలు వచ్చాయి. ఎవరు అర్హులో చెప్పే మాట ఆ కమిటీల్లోని పార్టీ వారికి దక్కింది. ఆ కోపం 2019 ఎన్నికల్లో కనిపించింది. తర్వాత వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం కమిటీలను తీసివేస్తామన్నది, తీసివేసింది. 2019 ఆగస్టు 15న వాలంటీర్ల వ్యవస్థను, అక్టోబరు 2న గ్రామ సచివాలయాలను తెచ్చింది. సుమారు 50 ఇళ్లకు ఒక వాలంటీరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం, రాష్ట్రమంతటా రెండున్నర లక్షల మందికి పైగా యువతీయువకులు. మంచం మీదనుంచి లేవలేని ముసలివారికి ఒకటో తేదీ తెల్లవారకముందే గుమ్మంలో పింఛను అందింది. ఇది చిన్న విషయం కాదు, దానిని తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. మండుటెండలో మండలం ఆఫీసు ముందు చెట్టు కింద మా అమ్మ ఎన్ని పూటలు కూర్చున్నదో నాకు తెలుసు.

కానీ ఆ 50 ఇళ్లలో ఎవరికి ఏ జబ్బు, ఎవరి పిల్లవాడు ఎక్కడ చదువుతున్నాడు, ఎవరికి ఏ పథకం అందింది అన్న వివరాలన్నీ ఒక్క ఫోనులో చేరాయి. ఆ ఫోను పట్టుకున్నవారిని నియమించేదీ తొలగించేదీ ఎవరు? ఎన్నికలు వచ్చినప్పుడు ఈ ప్రశ్నే ముందుకు వచ్చింది. 2024 మార్చి చివరలో ఎన్నికల సంఘం వాలంటీర్లను నగదు పంపిణీకి దూరం పెట్టింది. ఏప్రిల్‌లో ముసలివారు మళ్లీ ఎండలో సచివాలయాలకు నడిచారు. ఆ నడకకు కారణం మీరంటే మీరని రెండు పక్షాలూ తిట్టుకున్నాయి. మన గోదావరి ఎండల్లో, ఆ రెండు పక్షాల నడుమ కర్ర పట్టుకుని నడిచిన అవ్వను తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఇప్పుడు సచివాలయ ఉద్యోగులు ఇంటికి తెస్తున్నారు. ఒకటో తేదీన స్వయంగా ముఖ్యమంత్రి ఒక ఊరికి వెళ్లి ఇస్తున్నారు. చేతులు మారాయి, ఇచ్చేచోట కెమెరా ఉండటం మాత్రం మారలేదు.

ఇక మొదట గుర్తు పెట్టుకోమన్న మాట దగ్గరికి వస్తాను. మా వదినగారు వితంతువు. కొన్నేళ్ల క్రితం ఆమె పింఛను ఆగిపోయింది. కారణం ఏమిటంటే, నెలకు 300 యూనిట్లకు మించి కరెంటు వాడే ఇంటికి అర్హత లేదు, ఆమె ఆధార్‌కు ఎవరిదో పెద్ద మీటరు జతపడింది. ఆమె ఇంట్లో ఉన్నవి రెండు బల్బులు, ఒక ఫ్యాను. సంబంధిత కార్యాలయానికి నేను అర్జీ రాసి ఇచ్చాను, రసీదు తీసుకున్నాను, నాలుగు నెలలు తిరిగాను. ఒక రోజు ఆమె నాతో, "మీరు చదువుకున్నవారు కాబట్టి ఆఫీసుకు వెళ్తున్నారు మరిదిగారూ, పని అయ్యేది అక్కడ కాదు" అని, ఊళ్లోని అప్పటి అధికార పార్టీ నాయకుడి ఇంటికి వెళ్లి వచ్చింది. మరుసటి నెల పింఛను వచ్చింది. నా అర్జీ వల్ల వచ్చిందో, ఆయన ఫోను వల్ల వచ్చిందో ఎవరు చెప్పగలరు? ఆమె మాత్రం ఆయన వల్లనే వచ్చిందని నమ్మింది. ఆ తర్వాత ఆయన పిలిచిన ప్రతి సభకూ వెళ్లింది. ఆటో ఎక్కి వెళ్లింది, ఎండలో కూర్చున్నది, తిరిగి వచ్చింది. ఆమె వెళ్లింది అభిమానంతోనా, భయంతోనా అని నేను అడగలేదు. మళ్లీ మీటరు తప్పు వస్తే ఎలా అన్న ఆలోచన ఆమె ముఖంలోనే కనిపించేది.

రాజకీయ సమీకరణ అంటే నా దృష్టిలో ఇదే. పథకం పేరు మీద జరిగే ప్రకటనలకంటే, జాబితాలో తప్పు దొర్లినప్పుడు దానిని సరిచేసే అధికారం ఎవరి ఇంట్లో ఉన్నదన్నది ముఖ్యం. జాబితా సరిగ్గా ఉన్నంతకాలం పౌరుడు పౌరుడే. జాబితా తప్పిన రోజు అతడు ఎవరికో ఒకరికి మనిషి కావలసి వస్తున్నది. ఫలానావారి మనిషి అంటాం చూడండి, ఆ అర్థంలో.

ఇది మనవాళ్లు కనిపెట్టిన పద్ధతి అనుకోకండి. జర్మనీలో బిస్మార్క్ 1878లో సోషలిస్టులను అణచే చట్టం తెచ్చాడు. ఆ తర్వాత 1883లో ఆరోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య పింఛను తెచ్చాడు. కార్మికుడు సోషలిస్టుల వైపు పోకుండా రాజ్యం వైపు చూడాలన్నది ఆయన ఆలోచన. మరి చూశాడా? 1890 ఎన్నికల్లో అన్ని పార్టీలకంటే ఎక్కువ ఓట్లు ఆ సోషలిస్టులకే వచ్చాయి. కార్మికుడు పింఛను తీసుకున్నాడు, ఓటు తనకు నచ్చినవారికి వేశాడు.

మన దగ్గర జరిగింది కూడా అదే. రెండు రూపాయల బియ్యం ఇచ్చిన రామారావు గారు 1989లో ఓడిపోయారు, 1994లో తిరిగి గెలిచారు. 1996లో ఆ ధరను మూడున్నర రూపాయలు చేసిన ప్రభుత్వం 1999లో నెగ్గింది. 2019లో ఎన్నికల ముందు డ్వాక్రా మహిళలకు పసుపు కుంకుమ కింద 10,000 రూపాయలు అందాయి, ఆ ప్రభుత్వం ఓడింది. తర్వాతి ప్రభుత్వం బటన్ నొక్కి నేరుగా ఖాతాల్లో వేసింది, పిల్లలను బడికి పంపే తల్లులకు అమ్మఒడి కింద 15,000 వేసింది, 2024లో 151 స్థానాల నుంచి 11 స్థానాలకు పడిపోయింది. మన ఉభయ గోదావరి జిల్లాల 34 స్థానాలను చూడండి. 2019లో అందులో 27 వైఎస్సార్ కాంగ్రెస్‌కు వచ్చాయి, 2024లో 34కు 34 తెలుగుదేశం, జనసేన, బీజేపీల కూటమికి వెళ్లాయి. అవే ఇళ్లు, అవే అమ్మలు, అవే ఖాతాలు. డబ్బు పుచ్చుకుని ఓటు అమ్ముకుంటున్నారని ఈ జనాన్ని ఎవరైనా నిందిస్తే, దయచేసి ఈ అంకెలు వారికి చూపించండి.

మరి పథకాలు ఓట్లు కట్టిపడేయలేకపోతే పార్టీలు ఎందుకు పోటీ పడుతున్నాయి అని విద్యార్థులు అడగవచ్చు. పింఛను మొత్తాన్ని చూడండి. 2014లో 200 రూపాయలు 1,000 అయింది. 2019 ఎన్నికలకు ముందు 2,000 అయింది. తర్వాత విడతలుగా పెరుగుతూ 2024 జనవరికి 3,000 చేరింది. ఆ ఎన్నికల తర్వాత 4,000 అయింది. ఇస్తే గెలుస్తామన్న నమ్మకం ఎవరికీ లేదు, ఇవ్వకపోతే ఓడిపోతామన్న భయం అందరికీ ఉన్నది. ఈ భయం పేదవారికి మేలు చేసిందని నేను నిస్సంకోచంగా చెబుతాను. నాలుగు వేల రూపాయలతో ఒక ముసలమ్మ మందులు కొనుక్కుంటున్నది, కోడలి ముందు తల ఎత్తుకుంటున్నది. దీనిని ఉచితాలని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు.

ఈ మాట ఇక్కడే కొంచెం గట్టిగా చెప్పాలి. పథకాల వల్ల కూలీలు దొరకడం లేదని మన రైతు మిత్రులు తరచుగా అంటారు. మన పొలానికి వచ్చే కాలువ నీరు ఎవరి సొమ్ము? ఎరువు మీద సబ్సిడీ ఎవరి సొమ్ము? చేపల, రొయ్యల చెరువులకు యూనిట్ రూపాయిన్నరకు ఇచ్చిన కరెంటు ఎవరి సొమ్ము? ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు కరువులతోనూ వరదలతోనూ నశించిన ఈ నేల దాని వల్లనే అన్నపూర్ణ అయింది. కృతజ్ఞతతో మనవాళ్లు స్నాన సంకల్పంలో కాటన్ దొర పేరు చేర్చుకున్నారు. ఇచ్చినవాడి పేరు తలచుకోవడం మా అమ్మతో మొదలు కాలేదు, మన డెల్టాలో అది చాలా పాత అలవాటు. అయితే ఆనకట్టకు లబ్ధిదారుల జాబితా లేదు. నీరు పార్టీ అడగలేదు. నిజమే, భూమి ఉన్నవాడికే పారింది, భూమి లేని మా అమ్మకు కూలి మాత్రమే మిగిలింది. అందుకే జాబితా కూడా కావలసి వచ్చింది. జాబితాలు వద్దని నేను అనడం లేదు.

కానీ జాబితాల పోటీలో పడి ప్రభుత్వాలు ఏమి మరచిపోతున్నాయో చూడండి. మన మురుగు కాలువల సంగతి చూడండి. కౌశిక చూడండి, అవతల గొంతేరు చూడండి. పూడిక పేరుకుపోయింది, గుర్రపుడెక్క కప్పేసింది, వాన పడితే సార్వా చేలు రోజుల తరబడి నీటిలో మునిగి ఉంటాయి. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయము, పంట విరామం ప్రకటిస్తున్నాము అన్నారు. దేశమంతా ఇటు చూసింది, కారణాలు చూడటానికి మోహన్ కందా గారి కమిటీ వచ్చింది. ఆనాటి కారణాల్లో గిట్టుబాటు ధరతో పాటు ముంపు కూడా ఒకటి. ఇన్నేళ్ల తర్వాత కూడా ముంపు ఎందుకు పోలేదు? మురుగు కాలువ తవ్వితే వెయ్యి ఎకరాలు బాగుపడతాయి, కానీ ఫలానా ఇంటికి ఇంత అందిందని ఎవరి ఖాతాలోనూ చూపించలేం. కాలువ మీద ఫొటో అతికించలేం. లెక్కకు రాని మేలు ఎన్నికలకు కూడా రాదని నాయకులు అనుకుంటున్నారు.

ఇంకొకటి, కౌలు రైతు. డెల్టాలో ఈనాడు చేలో దిగి సేద్యం చేసేవారిలో ఎక్కువమంది కౌలుదార్లే. వారిని గుర్తించడానికి 2011లో ఒక చట్టం వచ్చింది, 2019లో ఇంకొకటి వచ్చింది. రెండవదానిలో గుర్తింపు పత్రానికి యజమాని అంగీకారం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న అనుమానంతో యజమాని పెట్టడు. రైతు పేరిట వచ్చే సాయం చాలావరకు పాసుపుస్తకం ఉన్నవారి ఖాతాకు వెళ్తుంది, ఆ యజమాని హైదరాబాదులో ఉన్నా సరే. ముంపులో నష్టపోయిన మనిషి పేరు చాలాసార్లు ఏ జాబితాలోనూ ఉండదు. అతడిని సమీకరించడానికి ఏ పార్టీకీ తొందర లేదు, ఎందుకంటే అతడిని సమీకరించాలంటే యజమానికి కోపం తెప్పించాలి.

ఫొటోలు, రంగుల సంగతి త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫొటోలే ఉండాలని 2015లో సుప్రీంకోర్టు అన్నది. మరుసటి సంవత్సరం ముఖ్యమంత్రులకూ అనుమతి ఇచ్చింది. మన పంచాయతీ భవనాలకు పార్టీ రంగులు వేస్తే 2020లో హైకోర్టు తీసివేయమన్నది, సుప్రీంకోర్టు కూడా దానిని సమర్థించింది. పట్టాదారు పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి ఫొటో వచ్చింది, ప్రభుత్వం మారాక పోయింది. ఇవన్నీ అవసరమైన తగాదాలే. అయితే గోడకు సున్నం వేసినంత తేలికగా మా వదినగారి భయం పోదు.

ప్రభుత్వ కార్యక్రమం జనాన్ని ఎప్పుడూ పార్టీ వెనుకే నిలబెడుతుందా? అలా కాకుండా జరిగిన సంగతి మన రాష్ట్రంలోనే ఉన్నది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం ప్రభుత్వమే నడిపింది. రాత్రి బడుల్లో కూర్చున్న ఆడవారు సారా వల్ల ఇల్లు ఎలా కూలుతున్నదో చదువుకున్నారు, చర్చించుకున్నారు, 1992లో దూబగుంటలో సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అది రెండేళ్లే నిలిచిందన్నది వేరే కథ. ప్రభుత్వం పలక ఇచ్చింది, ఆ పలక పట్టుకున్నవారు ప్రభుత్వ ఆదాయం మీదనే తిరగబడ్డారు. వారిని ఎవరూ ఆటోల్లో తీసుకువెళ్లలేదు.

చివరిగా ఒక సభ గురించి చెప్పి ముగిస్తాను. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం పనిని హక్కుగా రాసింది. పని అడిగిన 15 రోజుల్లో ఇవ్వకపోతే భృతి ఇవ్వాలన్నది. లెక్కలను గ్రామసభలో చదివి వినిపించాలన్నది. సామాజిక తనిఖీ అన్న ఆ పద్ధతిని క్రమబద్ధంగా నడిపిన రాష్ట్రాల్లో మన ఉమ్మడి రాష్ట్రం ముందు వరుసలో ఉండేది. లంక గ్రామం ఒకదానిలో అలాంటి సభకు నేను వెళ్లాను. మస్టరు, అంటే పనికి వచ్చినవారి హాజరు పట్టిక, చదువుతుంటే ఒక అమ్మాయి లేచి, "నాకు 12 రోజులు రాశారు, నేను చేసింది 9 రోజులే, మిగతా మూడు రోజుల డబ్బు ఎవరు తీసుకున్నారు?" అని అడిగింది. అందరి ముందు అడిగింది. ఎవరి ఇంటికీ వెళ్లి అడగలేదు. రాసినవారు అక్కడే జవాబు చెప్పవలసి వచ్చింది. సభ అయిపోయిన తర్వాత ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, పింఛన్ల జాబితా, ఇళ్ల స్థలాల జాబితా కూడా ఎవరి పేరు ఎందుకు తీసేశారో ఇలాగే చదువుతారా అండీ?" అని అడిగింది.

నేను ఏమి చెప్పగలను? ఆమె అడిగినంత బాగా నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా అడగలేకపోయాను. ఆ ప్రశ్ననే ఇక్కడికి తెచ్చాను. మన పంచాయతీ గ్రామసభ ఎప్పుడు జరుగుతుందో, జాబితాలను అక్కడ చదవమని అడగడానికి ఎవరెవరు వస్తారో ఇప్పుడు మీరు చెప్పండి. ముందు వరుసలోని అమ్మలతో మొదలుపెడదాం.